అల్లం బీరు కాచిన వేసవి

ఆ రోజు పొద్దున మంచం దిగి నేల మీద కాలు మోపితే ప్రాణం పోయినంత పనైంది. చూసుకుంటే కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచి మిలమిలా మెరుస్తోంది. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టాల్సి వస్తోంది. చిలకలూరిపేటలో నాకు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. పొలాల్లో కాలిపోయిన మోటార్లు ఎక్కువ భాగం నా దగ్గరికే వస్తాయి. కాలి మీద ఇనుము పడటం నాకు కొత్తేమీ కాదు. కానీ ముందురోజు ఏదీ పడలేదు.

మా ఆవిడ గుంటూరు తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు రక్తపరీక్ష చేయించి, యూరిక్ యాసిడ్ పెరిగిందన్నాడు.

"బీరు తాగుతారా?" అని అడిగాడు.

"ఎప్పుడైనా..." అన్నాను.

"ప్రతి ఆదివారం అండీ," అంది పక్కనే కూర్చున్న మా ఆవిడ.

"అయితే ఇక వద్దు," అన్నాడాయన. మందులు రాసిచ్చి, చేపలూ మాంసమూ కూడా తగ్గించమన్నాడు. బస్సులో తిరిగొస్తుంటే నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. యడ్లపాడు దాటాక మా ఆవిడ, "ఏడుపొస్తే ఏడవండి, ఎవరూ చూడట్లేదు," అంది.

ఆదివారం సంగతి చెప్పాలి. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్లం మేం ముగ్గురం. ఒకడికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఇంకొకడు ఊరి పక్కన జిన్నింగ్ మిల్లులో మెకానిక్. ఆదివారం మధ్యాహ్నం కమీషన్ కొట్టువాడి పొలంలో ఉన్న రేకుల షెడ్డులోనో, మరీ ఉత్సాహమొస్తే చీరాల దాటి వాడరేవు దాకా పోయో కూర్చునేవాళ్లం. తాగేది తలా ఒకటో రెండో. మాట్లాడుకునేదే ఎక్కువ.

డాక్టరు వద్దన్నాక కూడా రెండు ఆదివారాలు వెళ్లాను. కూల్‌డ్రింకు పట్టుకుని కూర్చున్నాను. వాళ్లేమీ అనలేదు. కానీ వాళ్లు గ్లాసులు ఎత్తినప్పుడల్లా నా వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నారని తెలుస్తూనే ఉంది. నాకోసం వాళ్లు ఇబ్బంది పడటం నాకు నచ్చలేదు. మూడో ఆదివారం షాపులో పనుందన్నాను. నాలుగో ఆదివారం ఏమీ చెప్పకుండానే మానేశాను. ఇక ఆ తరవాత ఇంట్లో అందరి మీదా విసుక్కోవడం మొదలైంది. కూరలో ఉప్పు తక్కువైతే ఒక గొడవ, టీవీ సౌండు ఎక్కువైతే ఇంకో గొడవ.

మా ఆవిడ ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. పిల్లల్ని లొంగదీసే పద్ధతులన్నీ ఆవిడకు తెలుసు. ఒకరోజు సాయంత్రం నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏవండీ, ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పండి. మీకు కావలసింది మత్తా, నురుగా?"

చల్లటి గ్లాసు, మూత తీయగానే బుస్సుమనే చప్పుడు, గొంతులో చురుక్కుమనడం, ఆ పక్కన ఇద్దరు మనుషులు. ఇవన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"నురుగే," అన్నాను.

"అయితే నురుగు మనమే చేసుకుందాం."

"బార్లీ తెచ్చి ఇంట్లోనే బీరు కాద్దామంటావా?" నాకు ఆశ పుట్టింది.

"లైసెన్సు లేకుండా అది కాస్తే నేరం. పైగా మీ వేలు ఒప్పుకోదు. అల్లం బీరు చేద్దాం. పేరుకే బీరు. ఈస్టు పంచదార తిని గ్యాసు వదులుతుంది. గ్యాసు పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టి ఆపేస్తాం. కాస్తంత తప్ప మత్తనేది ఉండదు."

ఏటా తరగతిలో ఆవిడ చూపించే ప్రయోగమే అది. సీసాలో పంచదార నీళ్లు పోసి, ఈస్టు వేసి, మూతికి బెలూన్ తొడుగుతుంది. కాసేపటికి బెలూన్ దానంతటదే లేచి నిలబడుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారట. మర్నాడు డాక్టరుకు ఫోన్ చేసి కూడా అడిగింది. "చక్కెర ఉంటుంది కాబట్టి ఒక గ్లాసు దాటనివ్వకండి," అన్నాడట.

ఆవిడ స్కూలుకు వెళ్లగానే ఆగలేక నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. అల్లం దంచి నీళ్లలో మరిగించాను. పంచదార కలిపాను. నిమ్మకాయలు పిండాను. ఇంత ద్రవం దేంట్లో పోయాలా అని వెతికితే అటక మీద మా అమ్మ ఆవకాయ జాడీ ఖాళీగా కనిపించింది. అందులో పోసి, బేకరీ నుంచి తెచ్చిన ఈస్టు వేసి, గుడ్డ కట్టి మూల పెట్టాను. ఈస్టు వేసేటప్పటికి పాకం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. వేడి ఉంటే తొందరగా పనవుతుందనుకున్నాను.

మర్నాటికి చెరువు నీళ్లలా కదలకుండా ఉంది. ఒక్క బుడగ లేదు. మా ఆవిడ గుడ్డ తీసి చూసి, "పొగలు కక్కే నీళ్లలో వేశారా? పాపం, ఈస్టు ఉడికిపోయింది," అంది. చేతి మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుంటే వేడీ చల్లా ఏమీ తెలియకూడదట. పసిపిల్లల పాలు చూసినట్టు చూడాలట. అప్పుడే ఈస్టు వెయ్యాలి. ఊరికే పారబోయడమెందుకని ఒక గుటక తాగి చూశాను. అల్లం, నిమ్మ, వాటి వెనకే ఆవపిండి, వెల్లుల్లి, నువ్వులనూనె. ఎన్నేళ్లుగానో ఆ జాడీ పీల్చుకున్న ఆవకాయంతా అందులోకి దిగింది.

అప్పుడే మా అమ్మ వచ్చింది. జాడీ చూసింది. నా చేతిలో గ్లాసు చూసింది.

"ఒరేయ్, మీ వంశంలో ఎవరూ తేని పేరు నువ్వు తెస్తావుట్రా? నా ఆవకాయ జాడీలో సారా కాస్తావా?"

"సారా కాదమ్మా, అల్లం..."

"అల్లం వేస్తే సారా కాకుండా పోతుందా?"

మా అమ్మ జాడీని ఎత్తుకుని, కడిగి, ఎండలో బోర్లించింది. తన వంటింట్లోకి ఈ వ్యవహారం రావడానికి వీల్లేదని చెప్పింది. అందుకని మా మకాం వెనక వసారా పక్కనున్న సామాన్ల గదికి మారింది. ఇంటి వాడకానికి ఉంచుకున్న ఎండుమిర్చి బస్తా, పాత సైకిలు, ఇంకేవో డబ్బాలు ఉండే గది అది.

ఈసారి పని మా ఆవిడ చేతిలోకి తీసుకుంది. వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు పక్క దుకాణంలో, తినే పదార్థాలకు వాడే ప్లాస్టిక్ బకెట్ ఒకటి మూతతో సహా కొన్నాం. నేను షాపులో మూతకు డ్రిల్లుతో రంధ్రం చేశాను. వైరు దూరేచోట వేసే రబ్బరు వాషరు ఒకటి ఆ రంధ్రంలో సరిగ్గా కూర్చుంది. వాషరులోంచి మందుల షాపులో కొన్న సెలైన్ పైపు దూర్చి, రెండో కొసను నీళ్లున్న చిన్న సీసాలో ముంచాను. లోపలి గ్యాసు ఆ పైపులోంచి నీళ్లలోకి వచ్చి బయటికి పోతుంది. బయటి గాలి, దుమ్ము, ఈగలు లోపలికి రావు. అమ్మకానికి దొరికే సామాను కంటే ఇది ఏ మాత్రం తీసిపోదని ఈరోజుకీ అంటాను.

బకెట్‌ను కొబ్బరి పీచుతో రుద్దబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"గీతలు పడతాయి. ఒక్కొక్క గీతలో లక్ష క్రిములు కాపురం పెడతాయి. మెత్తటి గుడ్డతోనే తుడవండి."

బకెట్, మూత, పైపు సబ్బుతో కడిగి, బ్లీచింగ్ కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి, కాచి చల్లార్చిన నీళ్లతో వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగాం. గరిటె, వడకట్టే గుడ్డ గిన్నెలో వేసి మరిగించాం. ఆ గుడ్డ మా నాన్న పాత మంగళగిరి పంచెలోది. మా ఆవిడ నా గోళ్లు కత్తిరించింది, చేతులు మోచేతి దాకా కడిగించింది. ఎంత కడిగినా వైండింగ్ వార్నిష్ మరకలు పోలేదు. "మీరు దూరంగా ఉండి చెప్పింది అందించండి చాలు," అంది.

మా అమ్మ వసారాలో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. చివరికి ఉండబట్టలేక, "తడి చెయ్యి పెట్టకూడదనీ, మైల తగలకూడదనీ నేను ఊరగాయ పెట్టేటప్పుడు చెబితే నవ్వారుగా ఇద్దరూ," అంది. మా ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది. "మీరు చెప్పిందే అత్తయ్యా ఇది కూడా," అంది. మా అమ్మ ముఖం తిప్పుకుంది గానీ లేచి వెళ్లలేదు.

ఆ బకెట్‌లో పావుకిలో అల్లం, అరకిలోకి కొంచెం తక్కువ పంచదార, మూడు నిమ్మకాయలు, అయిదు లీటర్ల నీళ్లు. ఈస్టు పావు చెంచా, అంతే. గింజలు తీసేసిన ఎండుమిరపకాయ ఒకటి వేద్దామన్నది నా ఆలోచన. మా ఆవిడ ఒప్పుకుంది. సాయంత్రానికి నీళ్ల సీసాలో బుడుక్కు, బుడుక్కుమని చప్పుడు మొదలైంది. కుర్చీ వేసుకుని ఆ సీసా ముందే కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ అక్కడికే తెచ్చిచ్చింది.

కానీ మర్నాటికి ఆ చప్పుడు మరీ ఎక్కువైంది. మూత తీస్తే అల్లం వాసన వెనకాల ఇంకో వాసన. నాకు బాగా తెలిసిన వాసనే. వార్నిష్‌లో కలిపే థిన్నర్ వాసన.

"ఎండకు ఈస్టు వెర్రెత్తిపోయింది. వేడిలో తొందరపడి పనిచేస్తే ఇలాంటి వాసనలే వస్తాయి," అంది మా ఆవిడ. అప్పటికి పేటలో ఎండలు మొదలైపోయాయి. పొద్దున పది దాటితే రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. ఆ గదికి ఏసీ పెట్టించేంత సీను లేదు. దానికి ఉపాయం నాకు తట్టింది. వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి బకెట్‌ను అందులో నిలబెట్టాను. చుట్టూ తడిపిన గోనెసంచి చుట్టి, దాని కొసలు నీళ్లలో మునిగేలా వదిలాను. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. గోనె నీళ్లు పీల్చుకుంటూ ఉంటుంది, ఫ్యాను గాలికి ఆరుతూ ఉంటుంది. లోపలి బకెట్ కుండలో నీళ్లంత చల్లగా ఉండిపోయింది. బేకరీ ఈస్టు వాడితే వెనకాల బ్రెడ్డు వాసన వస్తోందని, మా ఆవిడ ఇంటర్నెట్‌లో వేరే ఈస్టు తెప్పించింది. ఆ రెండు మార్పులతో వాసనలన్నీ పోయాయి. మిగిలింది అల్లమే.

ఎంత పులిసిందో తెలుసుకోవడం ఎలాగన్నది తరవాతి చిక్కు. బ్యాటరీలో యాసిడ్ చూసే హైడ్రోమీటర్ షాపులో ఉంది కదా అని తీసుకొచ్చాను. మా ఆవిడ వేసిన కేకకు మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. "అది యాసిడ్‌లో ముంచేదండీ!" సరేనని పాలకేంద్రంలో వాడే లాక్టోమీటర్ కొత్తది కొనుక్కొచ్చాను. చిక్కటి ద్రవంలో అది పైకి తేలుతుంది, పల్చటి దాంట్లో మునుగుతుంది. మొదట పంచదార నీళ్లలో గీతలన్నీ పైకి కనిపించేలా తేలింది. ఈస్టు పంచదార తినేకొద్దీ రోజురోజుకీ కిందికి దిగింది. బాగా దిగిందంటే మత్తు వైపు పోతోందని అర్థం. మాకు కావలసింది కొంచెం దిగి ఆగడమే.

ఇక సీసాలు. ఈ విషయంలో మాత్రం నేను మా ఆవిడ మాట వినలేదు. జిన్నింగ్ మిల్లు మిత్రుడి ఇంటి నుంచి పాత బీరు సీసాలు తెప్పించాను. మూతలు బిగించే ప్రెస్సు ఒకటి సోడా కొట్టు మూసేసిన మనిషి దగ్గర దొరికింది. నురుగు బాగా రావాలని ఒక్కో సీసాలో పంచదార కొంచెం ఎక్కువే వేసి బిగించాను. నింపి, మిర్చి బస్తా పక్కన వరసగా నిలబెట్టి, ఫోటో కూడా తీసుకున్నాను.

ఒంటిపూట బడుల రోజులు కాబట్టి మధ్యాహ్నానికల్లా మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజు నేను షాపులో ఉండగా ఫోన్ చేసింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"ఏవండీ, మన బీరు పేలుతోంది."

"పేలడమేంటి?"

ఫోన్లోనే ఢామ్మని వినిపించింది. "ఇలాగ," అంది.

నేను వెళ్లేసరికి గేటు ముందు నలుగురు పోగయ్యారు. మా అమ్మ వాకిట్లో వేపచెట్టు నీడన చేతులు కట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే అటు తిరిగి కూర్చుంది. అది తిట్టు కంటే ఎక్కువ. పక్కింటి పెద్దాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని ప్రహరీ దగ్గర నిలబడ్డారు. ఆయన ఎక్సైజు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసంతా నాటుసారా బట్టీల వెంట తిరిగారు.

మళ్లీ షాపుకు పోయి వెల్డింగ్ హెల్మెట్, తోలు గ్లవ్స్, తోలు ఏప్రన్ తెచ్చుకుని తగిలించుకున్నాను. గది తలుపు సందులోంచి పైపుతో చల్లటి నీళ్లు సీసాల మీద చాలాసేపు పోశాను. ఇంకో రెండు పేలాయి. చప్పుళ్లు ఆగాక కూడా కాసేపు ఆగి, లోపలికెళ్లి మిగిలిన వాటి మీద తడి గోనెలు కప్పాను. గోనె కింద నుంచే ఒక్కొక్క మూతా ఓపెనర్‌తో వదులు చేశాను. గది నిండా గాజుపెంకులు, అల్లం వాసన. మిర్చి బస్తా మీద, సైకిలు మీద, పైకప్పు మీద కూడా నురుగు.

హెల్మెట్ తీసుకుని బయటికొస్తే పక్కింటి పెద్దాయన వాకిట్లోకి వచ్చేసి ఉన్నారు.

"ఏమయ్యా, లోపల ఏం కాస్తున్నావ్?"

"అల్లం బీరు బాబాయ్ గారూ."

"బీరా?"

మా ఆవిడ లోపలికెళ్లి, రుచి చూడటానికని ఫ్రిజ్‌లో పెట్టిన చిన్న సీసాలోది గ్లాసులో పోసి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. గేటు దగ్గరున్న వాళ్లంతా ఆయన ముఖం వైపే చూస్తున్నారు. ఒక గుటక తాగి నోట్లోనే తిప్పారు. ఇంకో గుటక తాగారు. గ్లాసు ఖాళీ అయింది.

"ఏమీ తెలియట్లేదమ్మా. ఇంకొంచెం పొయ్యి, చూస్తాను."

రెండోది కూడా అయ్యాక పెదాలు తుడుచుకున్నారు. "ఇందులో సారా లేదు. నా ఉద్యోగమంతా కుండలు పగలగొట్టడమే అయింది గానీ ఇలాంటిది ఒక్కటి కూడా ఎదురుపడలేదు," అన్నారు. తరవాత నా వైపు తిరిగి గొంతు పెంచారు. "ఇది నేరం కాదు గానీ, ఆ గాజు సీసాలు మాత్రం నేరమే! పిల్లా జెల్లా తిరిగే ఇల్లు. ప్లాస్టిక్ సోడా సీసాల్లో పోసుకోలేవూ?"

అదే మాట వారం రోజుల ముందు మా ఆవిడ చెప్పింది. ఆవిడ నా వైపు చూడకుండా గాజుపెంకులు ఊడవడం మొదలుపెట్టింది. చీపురు తీసుకుని ఆ పని నేనే చేశాను.

అప్పటి నుంచీ మాకు గాజు లేదు. సోడాలు పోసే దళసరి ప్లాస్టిక్ సీసాలే. వాటితో ఇంకో లాభం ఉంది. మూత బిగించాక బొటనవేలితో నొక్కి చూడొచ్చు. మెత్తగా ఉంటే గ్యాసు పట్టలేదు. రాయిలా గట్టిపడి, వేలు కిందికి దిగకపోతే ఇక క్షణం ఆగకుండా ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. మే నెలలో అయితే పొద్దున బిగించింది సాయంత్రానికే గట్టిపడేది. సీసాను పూర్తిగా నింపకుండా పైన నాలుగు వేళ్లంత జాగా వదలాలి. ఫ్రిజ్‌లో పెట్టాక కూడా కనీసం ఒక రోజు ఉంచితే గ్యాసు నీళ్లలోకి దిగి, పోసినప్పుడు నురుగు సన్నగా, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇవన్నీ చెప్పినంత తేలిగ్గా రాలేదు. కొన్నిసార్లు చప్పగా వచ్చేది, కొన్నిసార్లు అల్లం ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగేవి. అల్లం ఎండినదైతే ఒక రుచి, లేతదైతే ఇంకో రుచి. కానీ మే చివరికి మా చెయ్యి కుదిరింది. మా అమ్మ కూడా ఒకరోజు భోజనమయ్యాక, "అరుగుదలకేమన్నా పనికొస్తుందేమో చూస్తాను," అని చిన్న గ్లాసు అడిగింది. అప్పటి నుంచి అడగకుండానే ఫ్రిజ్ తలుపు తీస్తోంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు కమీషన్ కొట్టు మిత్రుడు ఫోన్ చేశాడు.

"ఏరా, ఉన్నావా పోయావా? ఈ ఆదివారం వాడరేవు పోతున్నాం. వేట నిషేధం అయిపోయింది, పడవలు తిరుగుతున్నాయి. రాకపోతే ఇంటికొచ్చి ఎత్తుకెళ్తాం."

వస్తానో రానో చెప్పకుండా పెట్టేశాను. మా ఆవిడ వినేసింది. ఆదివారం పొద్దున నేను లేచేసరికి థర్మాకోల్ పెట్టెలో ఐసు, ఐసులో ఆరు సీసాలు సర్దేసి గుమ్మంలో పెట్టింది. "మీకూ నురుగుంది, వాళ్లకూ నురుగుంది. ఇంకేం అడ్డం?" అంది.

జిన్నింగ్ మిల్లువాడి కారులో పర్చూరు మీదుగా బయల్దేరాం. ఎప్పుడూ వచ్చే డ్రైవరు ఆ రోజు రాలేదని వాడే నడిపాడు. వాడరేవులో ఒడ్డున తాటాకుల పాక కింద కూర్చున్నాం. పడవలు అప్పుడే వచ్చాయి. ఇసకలో చేపలు ఎండబెట్టిన వలల పక్కన సెలవురోజు జనం ఫోటోలు దిగుతున్నారు. పాక నడిపే ఆవిడ కానాగంత చేపలు వేయించి పెట్టింది. డాక్టరు మాట గుర్తుండి నేను ఒక్క ముక్కతో సరిపెట్టుకున్నాను.

వాళ్లిద్దరూ బీర్లు బయటికి తీశారు. నేను నా పెట్టె తెరిచాను.

"ఏంట్రా అది? అల్లం కషాయమా?" కమీషన్ కొట్టువాడు నవ్వి, ఒక సీసా లాక్కున్నాడు.

"ఒరేయ్, నెమ్మదిగా! దారిపొడుగునా గతుకులకు కుదిలిపోయి ఉంది. కొంచెం వదులు చేసి, బుస్సుమనగానే మళ్లీ బిగించి..."

వాడు ఒక్క తిప్పు తిప్పాడు. సీసాలోది సగం పైకి లేచి వాడి తెల్లచొక్కా మీదా, చేపల పళ్లెంలోనూ, జిన్నింగ్ మిల్లువాడి కళ్లజోడు మీదా పడింది. ముగ్గురం ఒకేసారి లేచి దూకాం. పాకావిడ కడుపు పట్టుకుని నవ్వింది. నెలల తరవాత నేను అంతలా నవ్వింది ఆ రోజే.

సీసాలో మిగిలినదాన్ని వాడు గ్లాసులో పోసుకుని తాగాడు. ఎన్నో ఏళ్లుగా వాసన చూసి మిర్చి రకం చెప్పే మనిషి వాడు.

"ఇందులో మిరపకాయ ఉందిరా! తేజ, అవునా?"

"అవును."

"తొడిమ తీశావా?"

"తొడిమా గింజలూ రెండూ తీశాను."

"బాగుందిరా," అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. వాడి ముందున్న బీరు సీసా తెరవనే లేదు. ఇంకొంచెం పొయ్యమని ఖాళీ గ్లాసు నా వైపు చాపాడు.

జిన్నింగ్ మిల్లువాడు చేపలు బేరమాడటానికి పడవల దగ్గరికి వెళ్లాక కమీషన్ కొట్టువాడు గొంతు తగ్గించాడు.

"నాకూ మానేయమన్నార్రా. బీపీ, గుండెకు మాత్రలు వాడుతున్నాను. సంక్రాంతి ముందు నుంచే."

"మరి తాగుతూనే ఉన్నావుగా?"

"సగం గ్లాసు పోసుకుని కూర్చునేవాణ్ణి. నువ్వు మానేసి రావడం ఆపేశావు. నేనూ మానేశానంటే ఇక వీడొక్కడే మిగులుతాడు. మన ఆదివారాలు పోతాయని చెప్పలేదు."

నేను రానప్పుడు వీళ్లు నన్ను మరిచిపోయి హాయిగా ఉన్నారనుకున్నాను. వీడు అక్కడ కూర్చుని, ఇష్టం లేని గ్లాసు చేతిలో పట్టుకుని, మా ముగ్గురి కోసం ఆదివారం నిలబెడుతున్నాడు.

"ఇందులో కూడా కాస్తంత ఉంటుందిరా. మీ డాక్టర్ని అడిగి తాగు," అన్నాను చివరికి.

"అడుగుతాను. ఈ గ్లాసు అయ్యాక."

చేపల సంచితో వచ్చిన జిన్నింగ్ మిల్లువాడికి వాడే చెప్పేశాడు. వాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నిజంగానే కోపం వచ్చింది వాడికి.

"ఇంత సంగతి నా దగ్గర దాస్తావురా? మాత్రలు మింగి నువ్వు బీరు తాగుతుంటే, ఏమన్నా అయితే నీ పెళ్లానికి నేనేం సమాధానం చెప్పాలి?" అని కాసేపు కేకలేసి ఇసకలో కూర్చుండిపోయాడు. తరవాత పెట్టెలోంచి ఒక సీసా తీసి, నేను చెప్పినట్టే కొంచెం కొంచెంగా మూత వదులు చేసి, ఒక గ్లాసు తాగి చూశాడు.

"నాకు నచ్చలేదు. నాకు బీరే బాగుంది," అన్నాడు. "కానీ మీ వాటా కూడా నాకే కాబట్టి మీరు ఇదే తాగండి."

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. పదో తరగతిలో లెక్కల మేష్టారు వేసిన దెబ్బల దగ్గర్నుంచి ఈ ఏడు పత్తి విత్తనాల దాకా మాట్లాడుకున్నాం. రెండు సీసాల వాటా ముగించిన జిన్నింగ్ మిల్లువాడు తాళాలు నా చేతికిచ్చి వెనక సీట్లో పడుకున్నాడు. అలసిపోయిన కమీషన్ కొట్టువాడు ముందు సీట్లో కూర్చున్నా ఆవులిస్తున్నాడు.

ఆ దారిలో ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. తిరుగుదారిలో మాత్రం ప్రతిసారీ నిద్రపోయేవాణ్ణి. ఇంటి ముందు లేపేవాళ్లు. ఆ రోజు మొదటిసారి స్టీరింగు నా చేతిలో ఉంది. వాన పడి వెలిసింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి తడిసి మెరుస్తోంది. కొన్ని చోట్ల పత్తి మొలకలు వరసలుగా లేచాయి. ఒక పొలంలో ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గట్టు మీద నడిచి వస్తున్నారు. పర్చూరు దాటాక కొంగలు గుంపుగా లేచి మా ముందు నుంచే అడ్డంగా పోయాయి. కారు వేగం తగ్గించాను.

"ఏమైందిరా?" అన్నాడు పక్కనున్నవాడు కళ్లు తెరవకుండానే.

"ఏం లేదు. ఈ దారి ఇంత బాగుంటుందని ఎప్పుడూ చెప్పలేదేంట్రా మీరు?"

"మేం మాత్రం చూశామా ఏంటి," అని వాడు సీటు ముందుకు జరుపుకుని కూర్చుని, అద్దం కిందికి దించాడు.